నాలుగో కాలు

ధర్మవరంలో మా వీధి మగ్గాల మీద నేసే ఏనుగులకు నాలుగు కాళ్ళూ నేలమీద ఆనుతాయంటే, దానికి కారణం నేను. ఈ మాట ఎవరి ముందైనా చెప్తాను. కాదనేవాళ్ళుంటే రమ్మనండి, చూస్తాను. అరవైల మొదట్లో, నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, ఆ నాలుగో కాలును నేలమీద పెట్టించింది నేనే. అంతకుముందు ముప్పై ఏళ్ళపాటు మా నాయన ఏనుగులు మూడు కాళ్ళమీదే నిలబడ్డాయి. ముందరి కాళ్ళలో ఒకదాన్ని మోకాలి దగ్గర మడిచి, పాదం పైకెత్తి, చీర అంచు పొడవునా వరసగా పోయేవి. చూసినవాళ్ళంతా బాగున్నాయనేవాళ్ళు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఆ కాలు నచ్చేది కాదు.

మా నాయన మగ్గం నేసేవాడు కాదు, అంచు బొమ్మలు గీసేవాడు. గీతల కాగితం ముందు పెట్టుకుని, ఒక్కో గడికి ఒక్కో పోగు లెక్కన, ఏనుగునో నెమలినో హంసనో గడుల్లో కూర్చేవాడు. ఆ కాగితాన్ని చూసి అట్టలకు చిల్లులు కొట్టేవాళ్ళు. అట్టల దండను మగ్గం పైన కట్టాక, కాగితం మీద ఎట్లుంటే పట్టు మీద అట్లే దిగేది. గడి తప్పితే చీర తప్పినట్టే. గీయడం నాయన పని. గీసిన బొమ్మలో గడులను పెన్సిలుతో నింపడం నా పని. తొమ్మిదేళ్ళప్పుడు మొదలుపెట్టాను. పదహారు వచ్చేసరికి నాయనకంటే బాగా గీయగలనని నాకు తెలిసిపోయింది. తెలిస్తే ఏం లాభం? "నువ్వు నింపు మే, గీసేదానికి నేనుండా కదా" అనేవాడు. నేను గీసిన అంచు ఒక్కటైనా మగ్గం ఎక్కాలని నాకెంత ఆశగా ఉండేదో ఆయనకు తెలియక కాదు. ఇయ్యబుద్ధి కాలేదు, అంతే.

మా వీధి గురించి ఒక్కమాట చెప్పాలి. ఇంటింటికీ మగ్గమే. పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా టకాటకా ఒకటే చప్పుడు. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్ళం కనుక మాకు మెల్లగా మాట్లాడడం రాదు. ఉప్పు అందియ్యమని అడిగినా అరిచే అడుగుతాం. బయటి ఊరి చుట్టాలు వచ్చిన మొదటిరోజు, ఇంట్లో కొట్లాట జరుగుతోందని బెదిరిపోయేవాళ్ళు. అందరిలోకీ మా నాయనది పెద్దగొంతు. ఆయన మా ఇంట్లో తుమ్మితే నాలుగో ఇంట్లో దీర్ఘాయుస్సు అనేవాళ్ళు.

మా దగ్గర చీరలు కొనే హిందూపురం సావుకారి ఒకరోజు వచ్చి కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, అసలు సంగతి కదిపాడు. మైసూరు దిక్కు పెద్దింట్లో పెళ్ళి. ఏనుగు అంచు పట్టుచీరలు కావాలన్నారట. మాదిరికి మా చీర చూపిస్తే పెళ్ళికూతురి అవ్వ అంచు పట్టుకుని తిప్పితిప్పి చూసి, "ఇది కుంటేనుగు, పెళ్ళికి వద్దు" అన్నదట.

"ఆ ముసలామె అడివి పక్కనే పుట్టి పెరిగినామెనప్పా" అన్నాడు సావుకారి. "ఏనుగు కాలు ఎత్తుకొని నిలబడదంట. ఏం జెప్పాల నేను?"

నాయన మొహం ఎర్రబడింది. "ఎత్తుకోని నిలబడేదే ఏనుగు అందం! పెనుగొండలో రాతి ఏనుగును చూసి నేర్చుకున్నా నేను. రాయల కాలంలో చెక్కినోళ్ళకు తెల్దా, ఆ అవ్వకు తెలుసునా?"

అప్పుడు నేనేం చేశానంటే, లోపలికి పోయి బియ్యం డబ్బా కింద దాచిన కాగితం తీసుకొచ్చి సావుకారి ముందు పరిచాను. నేను గీసిన ఏనుగు. నాలుగు కాళ్ళూ నేలమీద గట్టిగా ఊని, తొండం ముందుకు చాచి నడిచివచ్చే ఏనుగు. ఆరునెలలపాటు దొంగతనంగా గీశాను దాన్ని. సావుకారి కాగితం ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. "ఇది ఎవరు గీసిందప్పా?" అన్నాడు. నాయన నన్ను చూశాడు, కాగితాన్ని చూశాడు. ఆయన కోపాన్ని ఇక్కడ రాయలేను. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏనుగు కాలెత్తడం నువ్వు యాడ చూసినావు నాయనా, రాతిలో తప్ప?" అన్నాను.

"మఠం ఏనుగు మనూరికి వచ్చినప్పుడు చూడలేదా? కాలెత్తి ఊగుతా ఉండె కదా!"

"దాని కాలికి గొలుసుండె. గొలుసు ఒరుసుకుంటాంటే ఎత్తక ఏం చేస్తాది?"

సావుకారికి ఇదంతా వేడుకగా ఉంది. నవ్వి, మధ్యలోకి వచ్చాడు. వచ్చేవారం వాళ్ళ ఇంటివాళ్ళంతా ఒక వ్యాను మాట్లాడుకుని మైసూరు అవతలి అడివికి పోతున్నారట. అక్కడ వనం వాళ్ళదే ఒక బండి ఉంటుందట, దారి తెలిసిన మనిషి కూర్చోబెట్టుకుని తిప్పి జంతువులను చూపిస్తాడట. ఏనుగులు గొలుసులు లేకుండా వాటంతట అవి తిరుగుతుంటాయట. "ఇద్దరికి సీటుండాది. తండ్రీబిడ్డ వచ్చి కండ్లారా చూసుకోండి. ఏది నిజమో అదే పెండ్లిచీర మీద నేద్దాం" అన్నాడు.

నాయన వెంటనే పందెం వేశాడు. ఆయనకు ఆలోచించడమంటే పడదు, నాకూ అంతే. "ఏనుగు కాలెత్తకుండా నిలబడితే ఆ పెండ్లి అంచు నీదే. ఆ తర్వాత ఈ ఇంట్లో ఏనుగులన్నీ నువ్వే గీయి. ఎత్తిందంటే మాత్రం, నేనున్నన్ని దినాలు గడులు నింపుకుంటా గమ్మునుండాల. ఏనుగు మాట ఎత్తకూడదు. సరేనా?"

సరే అన్నాను. భయపడలేదు. గెలుస్తానని నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

హిందూపురానికి రైలెక్కి, దారిలో పెనుగొండలో దిగాం. నాయన పట్టుబట్టి దింపాడు. తన గురువును నాకు చూపించాలట. ఎండలో ఊళ్ళోకి నడిచి, కొండ మొదట్లో కూలిన గోడల మధ్యకు తీసుకుపోయాడు. చుట్టూ జిల్లేళ్ళు, కంపచెట్లు. ఒక బండరాతి పలకమీద బారుగా ఏనుగులున్నాయి. నాయన చెప్పులు విప్పి, తువ్వాలుతో మొదటి ఏనుగు మీది దుమ్ము దులిపి, "చూడు!" అన్నాడు. ఆ గొంతులో గర్వం చూసి నాకు ఒక్కక్షణం జాలేసింది. తర్వాత వంగి చూశాను. వేళ్ళతో తడిమాను.

ఆ కాలు ఎత్తిన కాలు కాదు. మోకాలి కిందనుంచి విరిగిపోయిన కాలు. విరిగినచోట రాయి గరుగ్గా ఉంది, మిగతా ఏనుగంతా నున్నగా ఉంది. పలక అడుగున పాదం గోళ్ళు మాత్రం మిగిలే ఉన్నాయి. అంటే ఆ కాలు నేలమీదనే ఉండేది.

"నాయనా, ఈడ తడిమి చూడు. ఇది విరిగింది."

ఆయన తడిమాడు. చాలాసేపు తడిమాడు. ఆ గోళ్ళను చూడనట్టే చేసి, "ఒకటి విరిగితే ఏమాయ? తక్కినవి ఎత్తినాయేమో, అరిగిపోయినాయి" అన్నాడు. గొంతు మునుపటంత గట్టిగా లేదు. నేను ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. "ముప్పై ఏండ్లు విరిగిన కాలును నేయిస్తివి" అన్నాను. స్టేషనుదాకా ఆయన నాతో మాట్లాడలేదు. వేరుశనక్కాయలు కొన్నప్పుడు మాత్రం నాకు రావాల్సిన సగం నా ఒళ్ళో పోశాడు.

హిందూపురం నుంచి వ్యానులో ఒక పగలంతా ప్రయాణం. సావుకారి, ఆయన భార్య, వాళ్ళ అన్నదమ్ముల పిల్లలు, మేమిద్దరం. సావుకారి భార్యకు కన్నడం, తెలుగు రెండూ ఒకటే. ఏ మాట ఎందులో మొదలుపెట్టి ఎందులో ముగిస్తుందో ఆమెకే తెలియదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దారిపొడవునా చక్కిలాలు తినిపించింది. మైసూరు దాటాక చెట్లు మొదలయ్యాయి. మా సీమలో పచ్చదనం అంటే వాన పడ్డ నెలరోజులు. ఇక్కడ చూస్తే ఎవరూ నీళ్ళు పోయకుండానే ఇంత అడివి! కొండ వెనక కొండ, దాని వెనక నీలంగా ఇంకో కొండ. నాకు ఒళ్ళంతా ఆనందంగా ఉండింది. నాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఈ పచ్చ మన అద్దకంలో రాదే! ఎన్ని ముంచులు ముంచినా రాదు!" అని అరిచాడు. అన్నిటినీ పట్టు రంగులతో కొలవడం ఆయన అలవాటు.

రాత్రి బసలో పడుకుని, తెల్లవారగానే వనం బండి ఎక్కాం. రెండు పక్కలా బల్లలు వేసి, పైన రేకు కప్పి, పక్కలు తెరిచిన బండి. దారి చూపించే మనిషి నడివయసువాడు, ఖాకీ నిక్కరు, బక్కగా ఉన్నాడు. ఎక్కేముందే వేలు చూపించి చెప్పాడు: "మాతాడబేడి." మాట్లాడొద్దు. దగ్గొచ్చినా తువ్వాలు అడ్డం పెట్టుకోవాలి. అందరం తలలూపాం. నాయన అందరికంటే గట్టిగా ఊపాడు.

మొదట చుక్కల దుప్పుల మంద కనిపించింది. దారి పక్కనే మేస్తున్నాయి. నాయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. వీపుమీది చుక్కలు వరసలో ఉన్నాయా లేదా అని లెక్కపెడుతున్నాడని ఆయన పెదవులు చూస్తే తెలిసిపోతోంది. అప్పటికి బాగానే ఉంది. తర్వాత ఎండ పడుతున్న బండమీద మగనెమలి నిలబడి ఉంది. మెడ తిప్పింది. మేం నెమలికంఠం రంగు నేసేది పడుగులో ఒక రంగు, పేకలో ఒక రంగు పెట్టి. నాయన జీవితమంతా అదే నెమలికంఠం అనుకున్నాడు. ఇప్పుడు అసలుది కనపడేసరికి తట్టుకోలేకపోయాడు.

"మే! మూడో రంగుండాదే దాంట్లో! ఇత్తడి మాదిరి! చూడు చూడు!"

మా వీధిలో అయితే అది మామూలు మాట. ఆ అడివిలో చెట్లన్నీ అదిరాయి. నెమలి ఎగిరిపోయింది. దాని వెనక పొదల్లో మాకెవరికీ కనపడని అడవిదున్నలు ఉన్నాయట, అవి కొమ్మలు విరుచుకుంటూ పరుగెత్తిపోయాయి. నల్లటి వీపులు ఒక్క లిప్త కనిపించి మాయమయ్యాయి. సావుకారి ఇంటి పిల్లలు గోల పెట్టారు. దారి చూపించే మనిషి బండి ఆపించి నాయనను పైనుంచి కిందికి చూశాడు. కన్నడంలో ఏదో అన్నాడు. సావుకారి భార్య కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ నాకు చెప్పింది: "మీ నాయనను చిన్నబిడ్డ మాదిరి ముందర కూర్చోబెడతాడంట."

నాయనను నిజంగానే ముందుకు తీసుకుపోయి డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, తాను వెనక మా దగ్గరికొచ్చాడు. ఆ తర్వాత నాయన నోరు విప్పలేదు. తువ్వాలు మడిచి నోటికి అడ్డం పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. కానీ ఆ పొద్దున ఏనుగులు కనిపించలేదు. సాయంత్రం ఇంకొక్క తిరుగుడు ఉంది. మర్నాడు తెల్లవారగానే హిందూపురం తిరుగుముఖం. ఏనుగు కనిపించకపోతే పందెం తేలదు, పెళ్ళిచీర మీద ఎవరి ఏనుగూ ఎక్కదు.

సాయంత్రం మళ్ళీ బయల్దేరాం. నాయన ఎవరూ చెప్పకుండానే పోయి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నేను వెనక బల్ల చివర, కుడిపక్క కూర్చున్నాను. మట్టిదారి ఒక వెదురుపొద చుట్టూ వంపు తిరిగింది. బండి ఆ పొద దాటిందో లేదో, దారి చూపించే మనిషి రేకుమీద రెండుసార్లు తట్టాడు. బండి ఆగింది. ఆయన పెదవులు మాత్రం కదిపాడు. "ఆనె."

మా కుడిపక్క, కాస్త వెనగ్గా, పొద అవతల ఉన్నాయి ఏనుగులు. నేను కూర్చున్నచోట వెదుళ్ళ మధ్య ఒక సందు. ముందు కూర్చున్న నాయనకు ఆ సందు లేదు. ఆయన, డ్రైవరు భుజం మీదుగా ఎంత మెడ సాచినా వెదుళ్ళే అడ్డం. సావుకారి భార్య కళ్ళు గట్టిగా మూసుకుని దేవుడి పేరు జపిస్తోంది. సావుకారీ పిల్లలూ అటు చివరన ఉన్న ఏనుగుపిల్లను చూసి మురిసిపోతున్నారు. నా సందులోంచి నాకు కనిపించింది మాత్రం ఒక ముసలి ఆడ ఏనుగు. చెవుల అంచులు చిరిగి ఉన్నాయి. చెట్టు నీడలో కదలకుండా నిలబడి ఉంది.

మూడు కాళ్ళమీద నిలబడి ఉంది. ముందరి కాలు ఒకటి మోకాలి దగ్గర మడిచి, పాదం నేలనుంచి ఎత్తి పెట్టుకుని, అలసిన మనిషి గోడకానుకుని ఒక కాలికి విశ్రాంతినిచ్చినట్టు నిలబడి ఉంది. గడులు నింపీ నింపీ నా కళ్ళకు కొలత అలవాటైపోయింది. నాయన కాగితం మీద పాదం నేలకు రెండు గడుల పైన ఉంటుంది. ఈ పాదం కూడా అంతే ఎత్తులో ఉంది. నాయన దీన్ని ఎన్నడూ చూడలేదు. విరిగిన రాయిని చూసి గీశాడు. అయినా అచ్చం ఇలాగే గీశాడు.

ఎంతసేపు చూశానో తెలియదు. ఆ ఏనుగు కాలు దించలేదు. దించు, దించు అని లోపల బతిమాలుకున్నాను. పిల్ల ఏనుగు దారివైపు రాబోయేసరికి, దారి చూపించే మనిషి మళ్ళీ రేకుమీద తట్టాడు. బండి కదిలింది.

బస దగ్గర అందరూ దిగి టీ తాగుతున్నారు. నాయన నా దగ్గరికొచ్చి పక్కకు పిలిచాడు. గుసగుసగా అడిగాడు. ఆయన గుసగుసగా మాట్లాడడం నేను పుట్టాక అదే మొదటిసారి.

"నాకు తోక మాత్రం కనపడింది మే. నీకు బాగా కనపడిందా?"

"కనపడింది."

"కాలు?"

నిజం చెప్పడానికి ఒక్కమాట చాలు. ఆ ఒక్కమాటతో నా అంచు పోతుంది, నాయన ఉన్నన్నాళ్ళూ ఆయన బొమ్మల్లో గడులు నింపుకుంటూ పోవాలి. నాకు ఆ అంచు కావాలి. అంతే, ఇంకేం సాకు లేదు.

"ఎత్తలేదు నాయనా. నాలుగూ నేలమీదనే ఉండాయి."

"అన్నిటివీనా?"

"అన్నిటివీ."

ఆయన నా మొహంలోకి చూసి తలాడించాడు. "సరే. చూసినోళ్ళ మాటే మాట" అన్నాడు. పోయి నాకు టీ తెచ్చిచ్చాడు.

పెళ్ళిచీరల మీద నా ఏనుగు ఎక్కింది. ఆ అవ్వ మెచ్చుకున్నదట. సావుకారి మళ్ళీ అవే కావాలన్నాడు, ఆయనను చూసి ఇంకొకాయన అడిగాడు. రెండేళ్ళు తిరిగేసరికి మా వీధే కాదు, పక్క వీధి మగ్గాల మీదా నా ఏనుగులే. నేను గీసినవి చెడ్డవి కావు, అది గట్టిగా చెప్తాను. ఆ తొండం వంపు ఇప్పటికీ ఎవరికీ రాలేదు. పెళ్ళై పక్కవీధికి పోయినా రోజూ పుట్టింటికొచ్చి గీసేదాన్ని.

కానీ నాయన చేసిన పని నేను అనుకోనిది. అడివినుంచి వచ్చిన మర్నాడే తన ఏనుగు అట్టల దండలన్నీ దింపించాడు. వారం రోజులు కూర్చుని, పాదం దగ్గర పాత చిల్లులకు కాగితం అంటించి, కొత్త చిల్లులు కొట్టి, ఒక్కో ఏనుగు కాలూ నేలమీదికి దించాడు. అంతటితో ఊరుకున్నాడా? వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆ పెద్దగొంతుతో, నాలుగిళ్ళకు వినపడేలా: "ముప్పై ఏండ్లు కుంటేనుగును నేయించినానప్పా! మా పాప కండ్లారా చూసొచ్చి సరిచేసింది!" చెప్పి పగలబడి నవ్వేవాడు. దాంతో ఆయనకు ఆ పేరే పడిపోయింది. కూడలిలో ఆయన ఈడువాళ్ళు, "ఏమప్పా కుంటేనుగూ, యాడికి పోతాండావు?" అని పిలిచేవాళ్ళు. ఒకసారి నా ఎదుటే ఒకాయన అలా అన్నాడు. ఆ మనిషిని నోటికొచ్చినట్టు వాయించేశాను నేను. నాయన నా చెయ్యి పట్టి ఆపి, "గమ్మునుండు మే. ఉన్నమాటే కదా అన్నాడు" అన్నాడు. ఆ రోజు నాకు ఇంటికి పోయి తలుపేసుకోవాలనిపించింది. ఆయన కోప్పడి ఉంటే, పందెం ఓడానని మొహం ముడుచుకుని ఉంటే, నాకెంత హాయిగా ఉండేదో.

నాలుగైదేళ్ళు అలాగే గడిచాయి. ఆలోగా మా ఇంట్లో పనులు తలకిందులయ్యాయి. గీసేది నేను, గడులు నింపేది నాయన. ఆయన చెయ్యి కొద్దిగా వణికేది, అయినా ఒక్క గడి గీత దాటేది కాదు. ఒకరోజు పొద్దున నేను గీసిన ఏనుగు కాగితాన్ని ముందేసుకుని నింపుతున్నాడు. పక్కనే మా చిన్నాయన కొడుకు మగ్గం నేస్తున్నాడు. నాయన తొండం నింపాడు, కడుపు నింపాడు, కాళ్ళ దగ్గరికొచ్చాడు. ముందరి పాదం గడులను ఒక్కొక్కటీ జాగ్రత్తగా, నేల గీతకు ఆనించి నింపుతున్నాడు. పాదం అయ్యాక తల దూరం పెట్టి చూసుకుని, బాగుందన్నట్టు నాకేసి నవ్వాడు.

"నాయనా, ఆ ఏనుగు కాలెత్తింది" అన్నాను.

మగ్గం చప్పుడులో ఆయనకు వినపడలేదు. "ఏందీ?" అన్నాడు.

"ఏనుగు..."

"గట్టిగా చెప్పు మే! ఏం గొణుగుతాండావు?"

ఇక అరిచాను. "ఎత్తింది నాయనా! ఆ పొద్దు అడివిలో ఏనుగు కాలు ఎత్తింది! నువ్వు గీసినట్టే ఎత్తింది! నేను అబద్ధం చెప్పినా!"

పక్కన మగ్గం ఆగిపోయింది. మా చిన్నాయన కొడుకు పేక పోగు తోసే నాడె చేతిలో పట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. ఆ ఇంట్లో పగటిపూట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. నాయన పెన్సిలు కింద పెట్టాడు. కాగితాన్ని చూశాడు. ఆయన తిడతాడని ఎదురుచూశాను. తిట్టాలనే కోరుకున్నాను.

"ఏ కాలు?" అన్నాడు.

"ఏందీ?"

"ఎత్తింది ఏ కాలు అంటాండా. కుడిదా, ఎడమదా?"

కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కనపడుతుంది నాకు. "కుడికాలు."

నాయన మళ్ళీ పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు. "నేను ఎత్తించింది ఎడమకాలు కదా" అన్నాడు. "ఐతే నాదీ తప్పే లే మే. నువ్వేం మనసులో పెట్టుకోవద్దు." అని వంగి, రెండో పాదం నింపడం మొదలుపెట్టాడు. మగ్గం మళ్ళీ ఆడింది.

చీరకు రెండు అంచులుంటాయి. రెంటికీ బొమ్మ ఒకటే, అద్దంలో చూసినట్టు ఎదురుబొదురుగా దిగుతుంది. కింది అంచులో ఏనుగు ఎడమకాలు ఎత్తితే, పై అంచులో అదే ఏనుగు కుడికాలు ఎత్తుతుంది. ఆ సంగతి మా వీధిలో తెలియనివాళ్ళు లేరు. నాకు గడులు నింపడం నేర్పిన మొదటిరోజే, చీర మడత విప్పి రెండు అంచులూ పక్కపక్కన పెట్టి, అది చూపించింది మా నాయనే.